టికెట్ కంటే ముందు టీకా

ఉప్పల్, నాచారం, జవహర్‌నగర్ నుంచి ఆగస్టులో అమెరికా ఫ్లైట్ ఎక్కబోతున్నారా? సూట్‌కేసు సంగతి తర్వాత, ముందు మీ టీకాల కార్డు వెతకండి. అక్కడి చాలా యూనివర్సిటీలు ఎంఎంఆర్ టీకా రెండు డోసులకూ రుజువు అడుగుతాయి. చూపించకపోతే కోర్సు రిజిస్ట్రేషన్ ఆగిపోవచ్చు. డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి కాబట్టి చివరి వారంలో ఉరుకులు పెట్టినా లాభం లేదు. జూన్‌లోనే మొదలుపెట్టండి.

పంటి నొప్పుంటే ఇక్కడే చూపించుకోండి. అక్కడి స్టూడెంట్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి దంతవైద్యం వర్తించదు. రోజూ వాడే మందులు, డాక్టర్ చీటీ చేతిసంచిలోనే పెట్టుకోండి. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి, ఆపద వస్తే కాన్సులేట్‌కు మీ వివరాలు దొరుకుతాయి.

దిగాక రెండు గుర్తుంచుకోండి. అంబులెన్సుకైనా, పోలీసులకైనా 911. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి, రోడ్డు దాటేముందు ఎడమవైపు చూడండి.