‘ఇందిరా బీఏ’ నుంచి ‘ఇందిరా ఎంఏ’ దాకా... సులోచన చదివిన చదువు

1929లో ‘ఇందిరా బీఏ’ అని ఒక సినిమా వచ్చింది. మూకీ సినిమా. అయిదేళ్ల తర్వాత, 1934లో అదే నాయికతో దాన్ని మాటలతో మళ్లీ తీశారు. ఈసారి పేరు ‘ఇందిరా ఎంఏ’. తెర మీద ఇందిర డిగ్రీ పెరిగేలోగా, ఆ పాత్ర వేసిన నటి కూడా ఒక చదువు చదవాల్సి వచ్చింది. ఆ నటి పేరు సులోచన. మన దేశంలో మూకీల కాలపు అగ్రతారల్లో ఒకరు.

‘సబ్జెక్ట్ బాగానే ఉంది, కమ్యూనికేషన్ లేదు’ అనే మాట విని ఇంటర్వ్యూ గది నుంచి బయటికొచ్చారా? అయితే ఆమె కథ మీకోసమే. అప్పటికే దేశమంతా పేరు తెచ్చుకున్న సులోచనకూ సరిగ్గా అదే మాట ఎదురైంది.

ఫోన్ ఆపరేటర్ ఉద్యోగం నుంచి..

సులోచన అసలు పేరు రూబీ మైయర్స్. 1907లో పుణెలో, బాగ్దాదీ యూదు కుటుంబంలో పుట్టారు. టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేస్తున్న రోజుల్లో కోహినూర్ ఫిల్మ్ కంపెనీ దర్శకుడు మోహన్ భావ్నానీ కంటపడ్డారు. సినిమాల్లో నటిస్తారా అని ఆయన అడిగితే ముందు కాదన్నారు. ఆడవాళ్లు సినిమాల్లో కనిపించడమే పరువు తక్కువ అనుకునే కాలమది. 1913లో ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ తీసినప్పుడు తారామతి వేషం కట్టింది సాలుంకే అనే మగ నటుడు! పదేళ్లు దాటినా ఆ చిన్నచూపు పోలేదు.

భావ్నానీ పట్టు వదల్లేదు. చివరికి రూబీ ఒప్పుకొన్నారు. నటనలో ఓనమాలు కూడా తెలియవు. పనిలో దిగాకే పని నేర్చుకున్నారు. తెర పేరు సులోచన అయింది.

1926లో ‘సినిమా క్వీన్’, ‘టైపిస్ట్ గర్ల్’, ‘టెలిఫోన్ గర్ల్’ వచ్చాయి. పేర్లు చూడండి. చదువుకుని, ఉద్యోగం చేసి, తన కాళ్ల మీద తాను నిలబడే అమ్మాయి అప్పటి ప్రేక్షకులకు కొత్త. నిజజీవితంలో ఫోన్ ఆపరేటర్‌గా చేసిన అమ్మాయే తెర మీదా ఆ పాత్ర వేసింది. 1927లో ‘వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే’లో ఏకంగా ఎనిమిది వేషాలు వేశారు. తోటమాలి, పోలీసు, అరటిపళ్లు అమ్మే మనిషి.. చివరికి ఒక హైదరాబాదీ పెద్దమనిషి కూడా!

ఆ తర్వాత ఇంపీరియల్ ఫిల్మ్ కంపెనీలో చేరారు. అప్పటి స్టూడియోల్లో నటీనటులు మన కంపెనీ ఉద్యోగుల్లాగే నెల జీతానికి పనిచేసేవారు. సులోచన జీతం వేల రూపాయల్లో ఉండేది. బొంబాయి గవర్నర్ జీతం కన్నా ఆమెదే ఎక్కువని జనం చెప్పుకొనేవారు. 1928లో ‘మాధురి’, ‘అనార్కలి’, మరుసటి ఏడాది ‘ఇందిరా బీఏ’. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి ఆమె పేరు పోస్టర్ మీద ఉంటే చాలు.

ఒక్కరోజులో మారిన మార్కెట్

1931 మార్చి 14. బొంబాయి మెజెస్టిక్ థియేటర్లో ‘ఆలం ఆరా’ విడుదలైంది. మన దేశపు తొలి టాకీ. తీసింది మరెవరో కాదు, ఇంపీరియల్ అధినేత అర్దేషిర్ ఇరానీయే. అంటే సులోచన పనిచేస్తున్న సంస్థే. కానీ ఆ సినిమాలో నాయిక ఆమె కాదు, జుబేదా. కారణం.. సులోచనకు హిందుస్థానీ ధారాళంగా రాదు.

మూకీల్లో ఈ లోటు ఎవరికీ కనిపించలేదు. నటులు పెదవులు కదిపితే చాలు. వాళ్ల మాటలు తెర మీద అక్షరాల్లో పడేవి. అందుకే సులోచనలాగే యూదు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల నుంచి వచ్చిన అమ్మాయిలు చాలామంది తారలయ్యారు. మాట వచ్చేసరికి అంతా తారుమారైంది. స్పష్టంగా పలికేవాళ్లకు, పాడగలిగేవాళ్లకు గిరాకీ పెరిగింది. నాటకాల వాళ్లకు తలుపులు తెరుచుకున్నాయి. అదే ఇరానీ నిర్మాణంలో, హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో మన ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలోనే తయారై 1932లో విడుదలైంది. అందులో లీలావతిగా కనిపించింది రంగస్థలం మీద ఆరితేరిన సురభి కమలాబాయి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. సులోచన తొలి ఉద్యోగమే గొంతుతో చేసేది. టెలిఫోన్ ఆపరేటర్‌కు ముఖంతో పని లేదు, మాటే పని. తర్వాత ముఖమే పెట్టుబడైంది. ఇప్పుడు మళ్లీ మాట కావాలంటున్నారు. కాకపోతే మరో భాషలో.

ఏడాది ఆగారు.. నేర్చుకున్నారు

అప్పుడామె ముందు రెండు దారులున్నాయి. టాకీలను తిట్టుకుంటూ కూర్చోవడం ఒకటి. తన దగ్గర లేనిదేమిటో చూసుకోవడం రెండోది. ఆమె రెండోది ఎంచుకున్నారు. ఏడాదిపాటు సినిమాలకు విరామమిచ్చి హిందుస్థానీ నేర్చుకున్నారు.

ఆమె చేసిన లెక్క గమనించండి. నటన వచ్చు. కెమెరా ముందు ఎలా నిలబడాలో తెలుసు. ప్రేక్షకుల అభిమానం ఉంది. లేనిది ఒక్కటే.. భాష. ఆ ఒక్కదాని మీదే సమయమంతా పెట్టారు. ‘నాకేమీ రాదు’ అని కుంగిపోలేదు, ‘నాకన్నీ వచ్చు’ అని భీష్మించుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చేసింది ఇంకా తెలివైన పని. 1932లో ఆమె టాకీగా చేసిన సినిమా ‘మాధురి’. నాలుగేళ్ల కిందట మూకీలో తనకు పేరు తెచ్చిన సినిమానే! అది నడిచాక వరస కట్టాయి. ‘ఇందిరా ఎంఏ’, 1935లో ‘అనార్కలి’, 1936లో ‘బంబయీ కీ బిల్లీ’ పేరుతో పాత ‘వైల్డ్‌క్యాట్’. అన్నీ తన పాత విజయాలే, ఈసారి మాటలతో. పాత్ర తెలిసిందే, కథ తెలిసిందే. కొత్తగా సాధించాల్సింది సంభాషణ ఒక్కటే. అలా భయం సగం తగ్గించుకున్నారు. సొంతంగా ‘రూబీ పిక్స్’ అనే నిర్మాణ సంస్థ కూడా పెట్టారు.

కథ అక్కడితో ఆగలేదు

ఇక్కడితో ముగిస్తే కథ తియ్యగా ఉంటుంది కానీ పూర్తి నిజం కాదు. 1930ల చివరికి కొత్త తరం నాయికలు వచ్చేశారు. అవకాశాలు తగ్గాయి. ఒకప్పటి అగ్రతార క్రమంగా చిన్న చిన్న పాత్రలకు మారాల్సి వచ్చింది. మూకీలో, టాకీలో రెండుసార్లు అనార్కలిగా వెలిగిన సులోచన 1953 నాటి ‘అనార్కలి’లో సలీం తల్లిగా నటించారు. 1973 సంవత్సరానికి ఆమెకు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు దక్కింది. 1983లో ముంబయిలో కన్నుమూశారు.

ఆ ఒక్క ఏడాది చదువు ఆమెకు మరికొన్నేళ్ల అగ్రస్థానం ఇచ్చింది, జీవితాంతం కాదు. ఇవాళ మనం నేర్చుకునే ఏ కోర్సుకైనా ఇదే వర్తిస్తుంది. సర్టిఫికెట్‌కు గడువు తేదీ రాసి ఉండదు, అంతే తేడా.

మీరు చేయగలిగింది

సులోచనకు ఇంగ్లిష్ ఉంది, హిందుస్థానీ లేదు. తెలుగు మీడియంలో చదివిన చాలామందికి తెలుగు ఉంది, ఇంగ్లిష్ లేదు. లోటు పేరు వేరు, లెక్క ఒకటే.

ఒకటి, మీరు కోరుకునే ఉద్యోగ ప్రకటనలు ఓ అయిదు ముందు పెట్టుకోండి. వాళ్లు అడిగినవాటిలో మీకు వచ్చినవాటికి టిక్ కొట్టండి. టిక్ పడనివాటిలో ఎక్కువసార్లు కనిపించేది ఏదో చూడండి. మొదట నేర్చుకోవాల్సింది అదే.

రెండు, ఏడాది ఖాళీగా ఉండి నేర్చుకునే వీలు అందరికీ ఉండదు. సులోచనకు అప్పటికి సంపాదన ఉంది. ఇంటి అవసరాలు తరుముతుంటే దొరికిన చిన్న ఉద్యోగంలో చేరండి. రోజుకో గంట మాత్రం నేర్చుకోవడానికే కేటాయించండి. గడువు మాత్రం తప్పనిసరిగా పెట్టుకోండి.

మూడు, కొత్త నైపుణ్యాన్ని తెలిసిన విషయం మీదే వాడండి. ఇంగ్లిష్‌లో మాట్లాడటం సాధన చేయాలంటే మీ ఫైనలియర్ ప్రాజెక్టునే ఇంగ్లిష్‌లో వివరించండి. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే పాత ప్రాజెక్టునే దానితో మళ్లీ చేయండి. అదే మీ టాకీ ‘మాధురి’.

నాలుగు, ఉద్యోగం వచ్చాక కూడా ఏడాదికోసారి ఆ టిక్‌ల జాబితా మళ్లీ తీయండి. ‘ఆలం ఆరా’ వచ్చే ముందు ఎవరికీ కబురు చేసి రాదు.