ముండ్లచేనిలో వెలసిన గుడి

పారిస్ నగరమున సేన్ నదికి దక్షిణపు గట్టున సెయింట్ నికొలాస్ దు షార్దొనే అను కథోలిక దేవాలయము కలదు. 13వ శతాబ్దిలో ముండ్లమొక్కలు మొలచు బయలున కట్టిన చిన్న ప్రార్థనాలయము దీనికి మూలము. ఆ ముండ్ల పేరే గుడికి నిలిచినది. ఇప్పటి కట్టడమును 1656లో ఆరంభించిరి. ధనలేమిచే నిలిచిన పనిని లాటరీ సొమ్ముతో సాగించిరి! ముఖభాగము 1937లో గాని పూర్తికాలేదు. రాజచిత్రకారుడు షార్ల్ లె బ్రన్ తన తల్లికై కల్పించిన సమాధి ఇందే యున్నది. మృతురాలు సమాధినుండి లేచుచున్నట్లు మలచిన ఆ శిల్పమును చూచినవారు మరువజాలరు.

రెండవ వాటికన్ మహాసభ (1962–65) పిమ్మట పూజావిధి మారినది. లాటిన్ స్థానమున ప్రజల భాషలు వచ్చినవి. ప్రాతపద్ధతిని విడువనొల్లనివారు 1977 ఫిబ్రవరి 27, ఆదివారమునాడు, వృద్ధగురువు ద్యుకో-బుర్జె నాయకత్వమున లోనికి జొచ్చి మరి వెలికి రాలేదు. విచారణగురువు గుడి విడువవలసివచ్చెను. న్యాయస్థానము ఖాళీచేయుడని తీర్పు చెప్పెను. పోలీసులు దాని నమలుజరుపలేదు. 1905 నాటి చట్టమునుబట్టి కట్టడము నగరపాలక సంస్థ సొత్తు. భక్తికి భాష ప్రాణమని నమ్మినవారి పట్టుదల మెచ్చదగినదే; కాని అంతవరకు అచ్చటనే ప్రార్థించిన యిరుగుపొరుగువారి మాట యేమి? చేరువనున్న సెయింట్ సెవరిన్ విచారణ నేటికిని తన పేరుతోపాటు సెయింట్ నికొలాస్ పేరును వహించుచునే యున్నది.