సన్న బియ్యం వెనుక తైవాన్, మలేసియా విత్తనాలు

కొత్త వంగడం పస పొలంలో సగమే తెలుస్తుంది. మిగతా సగం తేలేది మిల్లులోనే. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐ.ఆర్.8 సంగతి అలాగే అయింది. ఎరువు దండిగా వేసినా పడిపోని పొట్టి పైరు. దిగుబడి చూసి గోదావరి జిల్లాల రైతులు ఉత్సాహంగా అందుకున్నారు. ధాన్యం మరకెక్కాక గాని అసలు గుణం బయటపడలేదు. గింజ లావు, కడుపులో సుద్ద తెలుపు, నూక ఎక్కువ, చల్లారితే అన్నం గట్టిపడడం. సన్నాలకు అలవాటుపడిన పట్నం బజారు దానికి ముతక ధరే కట్టింది. అంతకుముందు తైవాన్ నుంచి వచ్చిన తైచుంగ్ నేటివ్-1కు తోడుగా ఎండాకు తెగులు కూడా వచ్చింది.

విత్తనం ఉన్నదున్నట్టు దించుకుంటే సరిపోదని అర్థమైంది. రాజేంద్రనగర్ కేంద్రంగా 1965లో మొదలైన అఖిల భారత సమన్వయ వరి పథకం 1968లో జయను ఇచ్చింది. దిగుబడి బాగుంది గాని లావు పోలేదు.

వర్తకులకు కావలసిన గింజ మలేసియా రకం మసూరితో వచ్చింది. బాపట్ల శాస్త్రజ్ఞులు కోయంబత్తూరు సన్న రకం జి.ఇ.బి.24ను తైచుంగ్‌తోనూ, ఆ సంతతిని మసూరితోనూ కలిపి బి.పి.టి.5204ను తీశారు. 1986లో సాంబ మసూరిగా విడుదలైంది ఇదే. పొట్టితనం తైవాన్‌ది, నాణ్యం మిగతా ఇద్దరిది. బి.పి.టి.3291 అనే సోనా మసూరి వేరే రకం. సంచి మీద ఆ పేరుండి లోపల సాంబ ఉండడం బజారుకు కొత్త కాదు.

మార్టేరు కేంద్రం ఐ.ఆర్.8 సంతతి వశిష్ఠను మసూరితో కలిపి 1982లో స్వర్ణను ఇచ్చింది. అంత సన్నం కాకపోయినా ఒడిశా, బెంగాలు రైతులు దానిని తమదిగా చేసుకున్నారు.

సాంబకు లోపం తెగుళ్లే. 2008లో హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం, సి.సి.ఎం.బి. కలిసి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులో చేర్చాయి. వాటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరిది. గింజ మాత్రం సాంబదే గనుక కొనేవారు వేరే ధర వెతకనక్కరలేదు. అయితే ఆ జన్యువులు అగ్గితెగులును ఆపవు. సాంబ సరుకు మీద ముందస్తు బేరాలు చేసేవారు పైరు కాలంలో ఆ కబురు కనుక్కోవలసిందే.