పిల్లికూన, కోతిపిల్ల

పిల్లి తన కూనను నోట కరచుకుని ఒకచోటి నుంచి మరోచోటికి మారుస్తుంది. కూన చేయాల్సింది ఏమీ లేదు, ఒళ్లు వదిలేసి వేలాడుతుంది. కోతిపిల్ల సంగతి వేరు. తల్లి కొమ్మ మీంచి కొమ్మకు దూకేటప్పుడు పొట్టను గట్టిగా కరచుకోవాల్సింది పిల్లే. తిరుమల మెట్లదారిలో ఈ రెండో దృశ్యం రోజూ కనబడేదే. దేవుడి మీద ఎంత భారం వేయాలి, తాను ఎంత మోయాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు శ్రీవైష్ణవులు ఈ రెండింటినే ఉదాహరణగా తీసుకున్నారు. మొదటిది మార్జాలకిశోర న్యాయం, రెండోది మర్కటకిశోర న్యాయం.

రామానుజుల తర్వాతి తరాల్లో ఈ చర్చ ముదిరింది. పిళ్లై లోకాచార్యుల బాటలో నడిచిన తెంగలై వారిది పిల్లికూన పక్షం. జీవుడు భగవంతుడి సొత్తు, సొత్తును కాపాడుకునే బాధ యజమానిదే కదా అని వారి వాదం. వేదాంత దేశికులను అనుసరించే వడగలై వారిది కోతిపిల్ల పక్షం. కాపాడేది దేవుడే అయినా జీవుడి వైపు నుంచి శరణాగతి అనే చిన్న సాకైనా ఉండాలంటారు వీరు. ఇద్దరి దేవుడూ ఒక్కడే. తేడా అంతా మనిషి తనను తాను ఏమని అనుకుంటున్నాడన్న దగ్గరే వచ్చింది. సొత్తుననుకున్నవాడికి సొంత ప్రయత్నం అహంకారంలా తోస్తుంది. పట్టుకోగల చేతులున్నాయనుకున్నవాడికి ఊరకే ఉండడం గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్టుంటుంది.

అయితే భారమంతా దేవుడి మీద వేసినవాడు చేతులు ముడుచుకు కూర్చుంటాడనుకుంటే పొరపాటు. ఆ చీలికకు ముందువాడైన అనంతాళ్వారు కథ అందుకు అడ్డు వస్తుంది. గురువు రామానుజుల మాట మీద ఆయన పుష్పకైంకర్యానికి తిరుమల చేరి, పూలతోట కోసం నిండు గర్భిణి అయిన భార్యతో కలిసి చెరువు తవ్వడం మొదలుపెట్టాడట. ఒక పిల్లవాడు వచ్చి సాయం చేస్తానంటే వద్దన్నాడు. వాడు ఆ ఇల్లాలికి చాటుగా మట్టి మోసిపెడుతుంటే కోపం పట్టలేక గునపం విసిరాడు. అది గడ్డానికి తగిలింది, పిల్లవాడు మాయమయ్యాడు. గుడికి వెళ్లి చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం. మూలమూర్తి గడ్డానికి పచ్చకర్పూరం అద్దే ఆచారానికి ఈ కథే మూలమని చెబుతారు. ఆ గునపమంటూ ఒకటి ఇప్పటికీ మహాద్వారం దగ్గర వేలాడుతుంది. దేవుడే వచ్చి చేయి వేస్తానన్నా ఒప్పుకోని ఈ పట్టుదలను స్వావలంబన అనాలా, భక్తి అనాలా? ఆయన దృష్టిలో సేవ తన వంతు. దాన్ని పంచుకోవడమంటే భక్తిలో వాటా వదులుకోవడమే.

భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబది మరో దారి. చిన్ననాడే భర్త పోయినా వైధవ్య చిహ్నాలను ఆమె ఒప్పుకోలేదని సంప్రదాయ కథనాలు చెబుతాయి. వేంకటేశ్వరుడే తన భర్త అనుకున్నాక, నువ్వు విధవవు అనే అధికారం ఊరికి ఎక్కడిది? దేవుడి మీద పూర్తిగా ఆధారపడడమే ఆమెకు మనుషుల మీద ఆధారపడనక్కర్లేని బలమైంది. తిరుమలకు చేరి కావ్యాలు రాసింది, యాత్రికులకు అన్నం పెట్టించింది. కొండ మీది నేటి అన్నప్రసాద సముదాయానికి ఆమె పేరే పెట్టారు.

సామాన్యుడు ఈ సిద్ధాంతాల జోలికి పోడు. బోరులో నీళ్లు పడాలని పసుపుగుడ్డలో రూపాయి ముడుపు కడతాడు, బోరు బండిని పిలిపించడం మాత్రం మానడు. పని తనది, ఫలితం స్వామిది. పని అయ్యాక తలనీలాలిచ్చి బాకీ తీర్చుకుంటాడు. కుబేరుడి అప్పుకు వడ్డీ కడుతున్న దేవుడితో లెక్క ఇలా ఉండడం సహజమే మరి.

ఈ చూపులన్నింటికీ అవతల నిలబడ్డవాడు జిడ్డు కృష్ణమూర్తి. 1895లో మదనపల్లెలో పుట్టిన ఈ బాలుణ్ణి దివ్యజ్ఞాన సమాజం వారు 1909లో అడయారులో గుర్తించి జగద్గురువుగా పెంచారు. ఆయన కోసం ఒక సంఘమే వెలసింది. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, వేలమంది అనుచరుల ముందు ఆయన ఆ సంఘాన్ని రద్దు చేశారు. సత్యానికి గురువు, మతం, సంస్థ దారి చూపలేవన్నారు. కూననూ కాదు, కోతిపిల్లనూ కాదు, అసలు ఆ తల్లి అవసరాన్నే ప్రశ్నించారన్నమాట. సంఘానికి వచ్చిన కోటనూ భూములనూ దాతలకు తిరిగి ఇచ్చేశారు.