జొన్నలో కంది: చిన్న రైతు వేసుకోవలసిన లెక్క

మెట్ట పొలంలో జొన్న సాళ్ల మధ్య కంది వేయడం తాతముత్తాతల కాలం నుంచి వస్తున్న పద్ధతి. పాలమూరు రైతుకు దీన్ని కొత్తగా నేర్పవలసిన పని లేదు. అయినప్పటికీ ఒకే పంట వేస్తేనే లాభమన్న భావన గత కొన్ని దశాబ్దాల్లో బలపడింది. అందులో నిజమెంతో తేల్చడానికి బస్తాల లెక్క ఒక్కటే చాలదు. కరవు ఏడాది ఇల్లు ఎలా గడిచిందన్న లెక్క కూడా కావాలి.

ముందు బస్తాల లెక్కే చూద్దాం. ఎకరంలో జొన్న ఒక్కటే వేస్తే 10 బస్తాలు, కంది ఒక్కటే వేస్తే 5 బస్తాలు వస్తాయనుకుందాం. రెండూ కలిపి వేసిన ఎకరంలో జొన్న 9, కంది 3 బస్తాలు వచ్చాయనుకుందాం. అంతే గింజను విడివిడిగా పండించాలంటే 90 సెంట్లలో జొన్న, 60 సెంట్లలో కంది వేయాలి. అంటే ఎకరం భూమి ఎకరంన్నర పని చేసిందన్నమాట. ఇందులో మాయ ఏమీ లేదు. జొన్న సుమారు నూరు రోజులకు కోతకు వస్తుంది. కంది మొదట్లో మెల్లగా పెరిగి, జొన్న కోసిన తర్వాతే కొమ్మలు చాపుతుంది. వానలు వెనకబట్టాక కూడా దాని లోతైన వేరు నేలలోని తేమను అందుకుంటుంది. ఒకదానికి ఆకలి వేసే వేళ మరొకదానిది కాదు.

అయితే అసలు ప్రయోజనం ఈ అదనపు దిగుబడి కాదని నా అభిప్రాయం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఎం.ఆర్. రావు, ఆర్.డబ్ల్యు. విల్లీ జొన్న-కంది మీద జరిగిన 94 ప్రయోగాల ఫలితాలను పరిశీలించి 1980లో ఒక లెక్క ప్రకటించారు. రాబడి ఒక నిర్ణీత స్థాయికి దిగువకు పడిపోవడాన్ని నష్టంగా భావిస్తే, కంది ఒక్కటే వేసిన రైతు 5 ఏళ్లకొకసారి, జొన్న ఒక్కటే వేసిన రైతు 8 ఏళ్లకొకసారి నష్టపోతాడు. రెండూ కలిపి వేసిన రైతు నష్టపోయేది 36 ఏళ్లకొకసారి మాత్రమే. 36 ఏళ్లంటే దాదాపు ఒక మనిషి సేద్యం చేసే కాలమంతా. ఐదేళ్లకోసారి వడ్డీకి చేయి చాచి, దాన్ని తీర్చేలోపే మరో నష్టాన్ని చూసే ఇంట్లో పాడి గేదె నిలవదు, పిల్లల చదువూ సాగదు. ఆ ఇంటికి కంది సాలు రుసుము కట్టనవసరం లేని బీమా. అనంతపురంలో వేరుశనగ ఏడు సాళ్లకు ఒక సాలు కంది వేసేవారి ఆలోచన కూడా ఇదే. వేరుశనగ ఎండినా, ఆలస్యంగా పడిన వాన కందినైనా నిలబెడుతుంది.

మరి రైతులు దీన్ని ఎందుకు వదులుతున్నారు? తెలివి లేక కాదు. కలిపి వేసిన చేలో ఒక పంటకు పనికొచ్చే కలుపు మందు రెండోదాన్ని చంపుతుంది. కోత యంత్రం రెండు పంటలనూ వేరుచేయలేదు. కనుక కూలీ ఖర్చు పెరుగుతుంది. కూలీలు దొరకని ఊళ్లో కాగితం మీది ఎకరంన్నర చేతికి అందదు.

నేలను కాపాడటానికే వేసే పంటల లెక్క ఇంకా కఠినమైనది. జీలుగ, జనుము వేసి పూత దశలో దున్నితే నేలకు బలం. కానీ ఆ పంట నుంచి ఇంటికి గింజ రాదు. దీనికి భిన్నంగా కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు తడి మడిలోనే మినుము చల్లుతారు. దుక్కి ఖర్చు లేదు, మిగిలిన తేమతోనే పండుతుంది. నేలను కప్పుతూనే ఇంటికి డబ్బు తెస్తుంది గనుకే అది నిలిచింది.

దూరదేశపు ఉదాహరణ ఒకటి చూద్దాం. మధ్య అమెరికాలోని హోండురాస్ ఉత్తర ప్రాంతపు కొండవాలుల్లో రైతులు మన దూలగొండి జాతికే చెందిన, దురద పుట్టించని తీగను పెంచి, దాన్ని నరికి పరచి, ఆ ఆకుల మధ్య మొక్కజొన్న నాటేవారు. ప్రభుత్వ ప్రచారమేమీ లేకుండా రైతు నుంచి రైతుకు పాకిన ఈ పద్ధతిని 1990ల తొలినాళ్లకు అక్కడి రైతుల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది పాటించారు. మొక్కజొన్న దిగుబడి దాదాపు రెట్టింపైంది. ఆ దశాబ్దం ముగిసేసరికి చాలామంది దాన్ని వదిలేశారు. నేలలో లోపం లేదు. మొండి కలుపు గడ్డి ఒకటి వ్యాపించడం ఒక కారణమైతే, పశువుల మేతభూముల కోసం గిరాకీ పెరిగి, పేదలకు కౌలుకు భూమి దొరకకపోవడం మరొకటి.

ఈ రెండో కారణం మనకూ వర్తిస్తుంది. ఏడాది కౌలు మీద సాగుచేసే రైతు జీలుగ విత్తనానికి ఖర్చుపెడితే, ఆ బలం మీద వచ్చే ఏడాది పండించుకునేది మరొకరు కావచ్చు. పట్టణంలో ఉంటూ ఊళ్లోని పొలాన్ని కౌలుకిచ్చిన పాఠకులు మనలో చాలామందే ఉంటారు. కౌలును కనీసం మూడేళ్లకు ఖాయం చేసి, పచ్చిరొట్ట విత్తనం ఖర్చులో సగం తాము భరిస్తే, కౌలుదారు ధైర్యంగా జీలుగ చల్లగలడు. బాగుపడేది యజమాని భూమే కదా!