క్లాంపు మెత్తలు (పటం చట్రాలు)

క్లాంపు మెత్తలు అనగా పటాల చట్రాల మూలలను జిగురుతో అతికించునపుడు క్లాంపునకు, చట్రపు కర్రకు మధ్య ఉంచే చిన్న ముక్కలు. బిగింపు ఒత్తిడిని మూల అంతటా సమంగా పంచడం, కర్ర అంచులు నొక్కుకుపోకుండా కాపాడడం వీటి ప్రయోజనాలు. మెత్త కుదరనిచో ఎంత మంచి జిగురు వాడినా అతుకు నిలువదు.

నేపథ్యం

1894లో రాజా రవివర్మ బొంబాయిలో ముద్రణాలయం స్థాపించిన తరువాత దేవతల రంగుల చిత్రాలు సామాన్యుల ఇండ్లకు చేరినవి. క్రమంగా పెద్దల ఛాయాచిత్రాలను కూడా పటం కట్టించి గోడకు వ్రేలాడదీయడం ఆచారమైనది. చట్రం మూల విడిపోతే ఆ సందు గుండా దుమ్ము, పురుగులు చేరి చిత్రం పాడవుతుంది. గతించిన వారి పాత ఛాయాచిత్రానికి మరొక ప్రతి ఉండకపోవచ్చును. కావున మూల అతుకు విషయంలో శ్రద్ధ అవసరం.

పనిచేయు విధానం

చట్రానికి వాడే నాలుగు కర్రల చివరలను 45 డిగ్రీల కోణంలో కోస్తారు. జిగురు పూసి బిగించినపుడు ఈ ఏటవాలు కోతలు ఒకదానిపై ఒకటి జారుతాయి. పైగా కర్ర వెలుపలి అంచు వంపుగానో, వాలుగానో ఉంటే చదునైన క్లాంపు ఒక్క గీత వెంబడి మాత్రమే తాకుతుంది. అచ్చట కర్ర నలిగిపోతుంది. మెత్త లోపలి ముఖం కర్ర వంపునకు సరిపోయి, వెలుపలి ముఖం చదునుగా ఉంటే ఈ రెండు ఇబ్బందులూ తొలగుతాయి.

ఒత్తిడి కర్ర మందంలో సగం ఎత్తున పడాలి. అంతకు పైన పడితే ముందువైపు అతుకు మూసుకొని, వెనుకవైపు తెరచుకుంటుంది.

రకాలు

* చెక్క మెత్త: 'ఎల్' ఆకారపు చెక్క. లోపలి మూలలో చిన్న రంధ్రం చేస్తే చట్రపు కొన నలగదు, పొంగిన జిగురు అందులోకి పోతుంది. జిగురు అంటకుండా మైనం పూయాలి, లేదా ప్లాస్టిక్ టేపు అంటించాలి.
* బెండు మెత్త: బంగారు పూత గల సున్నితమైన కర్రలకు అనువైనది. జారదు, మచ్చ పడనీయదు.
* రబ్బరు మెత్త: పాత సైకిల్ ట్యూబు ముక్కలు సులభంగా దొరుకుతాయి. అయితే నల్ల రబ్బరు వలన తెల్లని, బంగారు రంగు పూతలపై మరకలు పడవచ్చును. మధ్యలో కాగితం ఉంచాలి. మరీ మందమైన రబ్బరు ఒత్తిడిని తానే మ్రింగివేస్తుంది.
* తోలు మెత్త: పలుచగా ఉండి కర్రకు చక్కగా ఒదుగుతుంది.
* కర్ర ముక్క మెత్త: అదే కర్ర కోతలో మిగిలిన ముక్కకు ఎదురు వాలు చెక్కి వాడతారు. వాలు అంచులకు ఇది మేలైనది.

క్లాంపులు లేనిచోట చట్రం చుట్టూ తాడు కట్టి, చిన్న కర్రతో మెలివేసి బిగించవచ్చును. ఈ పద్ధతిలో నాలుగు మూలలకూ చెక్క మెత్తలు తప్పనిసరి. లేనిచో తాడు కొనలను కోసివేస్తుంది.

పొడి ప్రాంతాలలో జాగ్రత్తలు

అనంతపురం జిల్లాలోని గుమ్మఘట్ట ప్రాంతం పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉన్నది. జిల్లా సగటు వార్షిక వర్షపాతం తక్కువ. తేమ ప్రాంతం నుండి వచ్చిన కర్ర ఇటువంటి చోట ఆరి, వెడల్పులో కుంచించుకుపోతుంది; పొడవులో మార్పు దాదాపు ఉండదు. అందువలన కోణం 45 డిగ్రీల కంటే తగ్గి అతుకు లోపలివైపు తెరచుకుంటుంది. ఈ దోషాన్ని ఏ మెత్తా సవరించలేదు. కర్రను కొన్ని వారాలు అదే ఊరిలో నీడన ఉంచి, తరువాతనే కోయాలి.

ఎండిన కర్ర తెల్లజిగురులోని నీటిని త్వరగా పీల్చుకుంటుంది. కావున కోత ముఖాలకు ముందుగా పలుచని పూత వేసి, తరువాత రెండవ పూత వేయాలి. జిగురు పూసిన పిమ్మట మెత్తల కోసం వెదకడం తగదు.

ఎంపిక

# మిగులు ముక్కపై మెత్త ఉంచి బిగించి చూడాలి. గుంట పడితే మరింత మృదువైనది ఎంచాలి.
# జిగురు లేకుండా చట్రమంతా బిగించి, రెండు కర్ణాలను కొలవాలి. అవి సమానంగా ఉండాలి.
# మూలను వెలుగుకు ఎదురుగా పట్టి చూడాలి. వెలుగు కనబడితే కోతను సవరించాలి గాని, ఎక్కువ బిగించి సందు మూయరాదు. బలవంతంగా మూసిన సందు క్లాంపు తీసిన తరువాత మరల తెరచుకుంటుంది.