కేసు ఒక్కటే, వాదనలు రెండు

రాజకీయ నాయకుడి మీద కేసు నమోదైన రోజునే దాని మీద రెండు తీర్పులు వెలువడతాయి. సొంత పార్టీ కక్ష సాధింపు అంటుంది. ఎదుటి పార్టీ చట్టం తన పని తాను చేసుకుపోతోందని అంటుంది. ఆ సాయంత్రం టీవీ చర్చల్లో, మర్నాడు టీ కొట్ల దగ్గర ఈ రెండు మాటలే తిరుగుతుంటాయి. అధికారం చేతులు మారితే ఈ మాటలు కూడా చేతులు మారతాయి. నిన్న అక్రమ అరెస్టు అన్నవారే ఇవాళ తప్పు చేసినవారు జైలుకు పోవాల్సిందేనంటారు. అసలు తీర్పుకు మాత్రం పదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ మధ్య కాలమంతా పార్టీల వాదనలదే.

కేసు ఏ దశలో ఉందో చూడకపోవడం వల్లే ఈ వాదనల్లో సగం గందరగోళం పుడుతుంది. ఎఫ్‌ఐఆర్ అంటే నేరం జరిగిందని అందిన సమాచారాన్ని పోలీసులు రాసుకోవడం. అరెస్టు, రిమాండు దర్యాప్తు అవసరాల కోసం. ఛార్జిషీటు దర్యాప్తు సంస్థ అభిప్రాయం. విచారణకు తగిన ఆధారం ఉందని జడ్జి భావించి అభియోగాలు నమోదు చేసినప్పుడే కేసు కోర్టు చేతికి పూర్తిగా వచ్చినట్టు. బెయిలు వస్తే నిర్దోషి అయినట్టు కాదు, రిమాండుకు పంపితే దోషి అయినట్టూ కాదు. అయినా బెయిలు మీద బయటికొచ్చిన నాయకుడు కడిగిన ముత్యంలా వచ్చాడని అనుచరులు ఊరేగింపు తీస్తారు. రిమాండుకు వెళ్లిన రోజే ప్రత్యర్థులు అతణ్ని దొంగగా ఖాయం చేస్తారు. అందరి నోటా నలిగే ‘క్లీన్ చిట్’ అన్న మాట చట్టంలో ఎక్కడా లేదు.

పదవికి ముప్పు వచ్చేది శిక్షతోనే. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ ప్రకారం రెండేళ్లు, అంతకు మించి జైలుశిక్ష పడితే శిక్షాకాలమంతా, విడుదలయ్యాక మరో ఆరేళ్లూ అనర్హత ఉంటుంది. అవినీతి వంటి కొన్ని నేరాలకు రెండేళ్ల లెక్క కూడా అక్కర్లేదు. పదవిలో ఉన్న ఎంపీలు, ఎమ్మెల్యేలకు అదే సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ ఒక వెసులుబాటు ఇచ్చేది. మూడు నెలల్లో అప్పీలు వేసుకుంటే అది తేలేదాకా పదవి పోదు. 2013 జులై 10న లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తీర్పును పక్కకు నెట్టడానికి నాటి యూపీఏ మంత్రివర్గం ఆర్డినెన్సు సిద్ధం చేస్తే, బీజేపీ దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. సెప్టెంబరు 27న రాహుల్ గాంధీ దాన్ని చించిపారేయాలని బహిరంగంగా అన్నారు. ఆర్డినెన్సు వెనక్కి పోయింది. దాణా కేసులో శిక్షపడిన లాలూప్రసాద్ ఆ అక్టోబరులోనే లోక్‌సభ సభ్యత్వం పోగొట్టుకున్నారు.

పదేళ్ల తర్వాత అదే నిబంధన రాహుల్‌కు తగిలింది. మోదీ ఇంటిపేరు మీద 2019లో చేసిన వ్యాఖ్యకు పరువునష్టం కేసులో సూరత్ కోర్టు 2023 మార్చి 23న రెండేళ్ల శిక్ష వేసింది. మర్నాడే సభ్యత్వం రద్దయింది. పరువునష్టం సెక్షన్ కింద పడగల గరిష్ఠ శిక్షే రెండేళ్లు. ఒక్కరోజు తగ్గినా పదవి నిలిచేది. అంత శిక్ష ఎందుకో కింది కోర్టు కారణం చెప్పలేదని ఎత్తిచూపుతూ సుప్రీంకోర్టు ఆగస్టు 4న దోషిత్వాన్ని నిలిపివేసింది. చట్టం దానంతట అదే పనిచేస్తుందని ఈసారి బీజేపీ వాదించింది, ప్రతీకారమని కాంగ్రెస్ వాదించింది. 2013 నుంచి 2023 దాకా చట్టంలో అక్షరం మారలేదు. మారింది దాని కింద నిలబడ్డ మనిషి.

తెలుగువారికి దగ్గరగా జరిగిన పెద్ద ఉదాహరణ పి.వి. నరసింహారావుది. చట్టం తన పని తాను చేసుకుపోతుందన్న వాక్యం దేశమంతా వాడుకలోకి వచ్చింది ప్రధానంగా ఆయన నోటి నుంచే. చివరికి ఆ చట్టం ఆయన దగ్గరికే వచ్చింది. 1993 జులై 28న లోక్‌సభలో ఆయన మైనారిటీ ప్రభుత్వం అవిశ్వాస తీర్మానాన్ని ఎదుర్కొంది. అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు పడి ప్రభుత్వం నిలిచింది. ఝార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులు డబ్బు తీసుకుని ఓటేశారన్న ఆరోపణ తర్వాత కేసుగా మారింది. 1998 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 3-2 మెజారిటీతో ఇచ్చిన తీర్పు సామాన్యుడికి కొరుకుడు పడదు. 105వ అధికరణ రక్షణ ఉంది కాబట్టి డబ్బు తీసుకుని సభలో ఓటేసినవారిని విచారించకూడదట. తీసుకుని ఓటేయనివారిని విచారించవచ్చు. ఇచ్చినవారికి రక్షణే లేదు.

అలా పి.వి. బోనెక్కారు. 2000 సెప్టెంబరు 29న ఢిల్లీ ప్రత్యేక న్యాయస్థానం ఆయన్నీ కాంగ్రెస్ నేత బూటాసింగ్‌నూ దోషులుగా తేల్చి, తర్వాత మూడేళ్ల శిక్ష వేసింది. క్రిమినల్ కేసులో దోషిగా తేలిన తొలి మాజీ ప్రధాని ఆయనే. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును రద్దుచేసింది. అప్రూవర్‌గా మారిన ఝార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యుడు శైలేంద్ర మహతో సాక్ష్యం నమ్మదగింది కాదని చెప్పింది. లఖుభాయ్ పాఠక్ మోసం కేసులోనూ ఆయన 2003 డిసెంబరులో నిర్దోషిగా తేలారు. ఏడాదికి, 2004 డిసెంబరు 23న, కన్నుమూశారు. కోర్టు మెట్లెక్కిన ఆ ఏళ్లలో సొంత పార్టీ ఆయన పక్కన గట్టిగా నిలబడలేదు. ఆ బాధ తెలంగాణలో ఇప్పటికీ ఉంది, అందులో న్యాయమూ ఉంది. 1993లో ఆయన ప్రభుత్వాన్ని దించడానికి ఓటేసిన బీజేపీయే 2024 ఫిబ్రవరి 9న ఆయనకు భారతరత్న ప్రకటించింది. మరో నాలుగు వారాలు తిరక్కుండానే, మార్చి 4న, సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1998 తీర్పును ఏకగ్రీవంగా తిరగరాసింది. లంచం తీసుకుని ఓటేసినవారికీ ఇక రక్షణ లేదు. చట్టం తన తప్పు దిద్దుకోవడానికి ఇరవై ఆరేళ్లు పట్టింది.

కేసు పెట్టినవాడి ఉద్దేశం ఒక ప్రశ్న, కేసులోని సాక్ష్యం మరో ప్రశ్న. పార్టీ వాదనలు ఈ రెంటినీ కలిపేస్తాయి. విడదీసి చూడటానికి జయలలిత ఆస్తుల కేసు బాగా పనికొస్తుంది. ఫిర్యాదు 1996 నాటిది. ఆ ఏడాది గద్దెనెక్కిన డీఎంకే ఆమెకు బద్ధశత్రువు. ఆమె తిరిగి అధికారంలోకి వచ్చాక తమిళనాడులో విచారణ సవ్యంగా సాగదని డీఎంకే నేత అన్బళగన్ సుప్రీంకోర్టుకు వెళ్తే, 2003లో కేసు కర్ణాటకకు మారింది. 2014 సెప్టెంబరు 27న బెంగళూరు ప్రత్యేక కోర్టు నాలుగేళ్ల జైలు, వంద కోట్ల జరిమానా విధించింది. 2015 మే నెలలో హైకోర్టు నిర్దోషి అంది. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు కింది కోర్టు తీర్పే సరైనదంది. అప్పటికి ఆమె చనిపోయి రెండు నెలలు దాటింది. ఆమెపై ప్రత్యర్థులకు కక్ష ఉందన్న మాట అబద్ధం కాదు, లెక్కకు మించిన ఆస్తులున్నాయన్న మాటా అబద్ధం కాదు. కక్ష ఉందని రుజువైతే సాక్ష్యం వీగిపోదు, సాక్ష్యం నిలిస్తే కక్ష లేదని అర్థం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదే అనుభవం రెండు ప్రధాన పార్టీలకూ వంతులవారీగా ఎదురైంది. హైకోర్టు ఆదేశంతో మొదలైన ఆస్తుల కేసులో వై.ఎస్. జగన్మోహన్ రెడ్డిని 2012 మే 27న సీబీఐ అరెస్టు చేసింది. కాంగ్రెస్‌ను వీడినందుకే ఈ కేసులని ఆయన పార్టీ అంది. క్విడ్ ప్రో కో (ఇచ్చిపుచ్చుకోవడం) అన్న లాటిన్ మాటను తెలుగుదేశం పల్లెపల్లెకూ మోసుకెళ్లింది. నాయకుడు చంచల్‌గూడ జైల్లో ఉండగానే, జూన్‌లో వచ్చిన ఉప ఎన్నికల ఫలితాల్లో జగన్ పార్టీ 18 అసెంబ్లీ స్థానాల్లో 15, నెల్లూరు లోక్‌సభ స్థానం గెలిచింది. 2014లో మాత్రం అధికారం అందలేదు, 2019లో అందింది. 2023 సెప్టెంబరు 9న నంద్యాలలో రాష్ట్ర సీఐడీ చంద్రబాబు నాయుడిని నైపుణ్యాభివృద్ధి సంస్థ కేసులో అరెస్టు చేసింది. రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో ఆయన యాభై రోజులు దాటి ఉన్నారు. అవినీతి నిరోధక చట్టం 17ఎ సెక్షన్ ప్రకారం ముందస్తు అనుమతి లేదన్నది ఆయన లాయర్ల వాదన. 2024 జనవరి 16న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు దానిమీద చెరో అభిప్రాయం చెప్పారు. ఆ జూన్‌లో చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యారు. రెండు సందర్భాల్లోనూ దీక్షలు, కొవ్వొత్తుల ర్యాలీలు, సంబరాలు, టపాసులు ఉన్నాయి. రెండు శిబిరాలూ ఒకరి నినాదాలు మరొకరు తీసుకున్నాయి. ఓట్లతో గెలిచినవారు ప్రజాకోర్టు తీర్పు వచ్చిందంటారు. ఓటు ప్రభుత్వాన్ని ఎన్నుకుంటుంది, అంతవరకే. డబ్బు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో తేల్చే పని దానిది కాదు, దాన్ని తేల్చాల్సిన కోర్టులో వాయిదాలు నడుస్తుంటాయి.

దర్యాప్తు సంస్థల మీద అనుమానం ఊరికే పుట్టలేదు. హవాలా డైరీల వ్యవహారంలో దర్యాప్తును స్వయంగా పర్యవేక్షించిన సుప్రీంకోర్టు 1997 డిసెంబరులో వినీత్ నారాయణ్ తీర్పుతో సీబీఐకి స్వేచ్ఛ కల్పించే ఏర్పాట్లు చేసింది. పదహారేళ్లకు, 2013లో బొగ్గు గనుల కేటాయింపుల కేసు వింటూ, అదే సంస్థను పంజరంలో చిలుక అనాల్సి వచ్చింది. హవాలా కేసులో పేరు రాగానే ఎల్.కె. అద్వానీ ఎంపీ పదవికి రాజీనామా చేసి, మచ్చ తొలగేదాకా పోటీ చేయనన్నారు. 1996 ఎన్నికలకు దూరంగా ఉన్నారు. మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టు కేసు కొట్టేసింది. ఆ పద్ధతి అన్ని పార్టీలకూ ఆనవాయితీ అయ్యుంటే ఈ గొడవల్లో చాలా భాగం ఉండేది కాదు.

వ్యక్తిగత జీవితానికి సంబంధించిన వివాదాలకు కొలత వేరు. 2009 డిసెంబరులో ఒక తెలుగు టీవీ ఛానల్ ప్రసారం చేసిన దృశ్యాల తర్వాత ఉమ్మడి రాష్ట్ర గవర్నర్ ఎన్.డి. తివారీ ఆరోగ్య కారణాలు చెప్పి తప్పుకున్నారు. ఆయన అనుయాయులు కుట్ర అన్నారు, ప్రత్యర్థులు రాజ్‌భవన్ పరువు పోయిందన్నారు. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి గడిపిన జీవితం ఎవరి వ్యవహారమూ కాదు. బలవంతం, పదవి అండ, ప్రభుత్వ సొమ్ము అందులోకి వచ్చినప్పుడు మాత్రం అది అందరి వ్యవహారం. పార్టీ గొంతులు ఈ గీతను తమకు వీలైన చోటికి జరుపుకుంటాయి.

ఆ జరుపుడు ఎంత క్రూరంగా ఉంటుందో 2024 ఏప్రిల్‌లో కర్ణాటకలోని హాసన్ చూపించింది. మాజీ ప్రధాని దేవెగౌడ మనవడు, అప్పటి ఎంపీ ప్రజ్వల్ రేవణ్ణకు చెందినవని చెప్పిన వీడియోలు పోలింగుకు ముందు పెన్‌డ్రైవ్‌లలో ఊరంతా పాకాయి. దేవెగౌడ పార్టీ జేడీఎస్‌తో పొత్తు పెట్టుకుని బీజేపీ మౌనంగా ఉందని కాంగ్రెస్ అంది. పెన్‌డ్రైవ్‌లు పంచింది ఎవరో తేల్చాలని జేడీఎస్ అంది. రెండూ అడగదగ్గ ప్రశ్నలే. ఈ వాదులాట సాగుతుండగా ఆ దృశ్యాల్లోని మహిళల ముఖాలు ఫోన్ల నుంచి ఫోన్లకు వెళ్లాయి. బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరమని శిక్షాస్మృతి చెబుతున్నా ఆపినవారు లేరు. ఊళ్లో తలెత్తుకోలేని స్థితి వచ్చింది ఆ ఆడవాళ్లకు. వాళ్ల తరఫున ఏ పార్టీ వాదించిందని అడిగితే జవాబు దొరకదు. ఒక అత్యాచారం కేసులో బెంగళూరు ప్రత్యేక కోర్టు ప్రజ్వల్‌ను దోషిగా తేల్చి 2025 ఆగస్టు 2న జీవితఖైదు విధించింది. విచారణ వేగంగా జరిగితే వాదన ఎంత త్వరగా మూతపడుతుందో ఈ ఒక్క కేసు చెబుతుంది.

వేగం కోసం ప్రయత్నాలు లేకపోలేదు. ప్రజాప్రతినిధుల కేసులకు 2017 చివర్లో 12 ప్రత్యేక కోర్టులు మంజూరయ్యాయి. తెలుగు రాష్ట్రాలకు చెరొకటి వచ్చింది. ప్రభుత్వం మారగానే తమవారి మీద కేసులు ఎత్తేసే అలవాటుకూ కళ్లెం పడింది. కేరళ అసెంబ్లీలో 2015లో బల్లలు విరగ్గొట్టిన తమ ఎమ్మెల్యేలపై కేసు ఉపసంహరించుకుంటామని వామపక్ష ప్రభుత్వం అడిగితే 2021 జులైలో సుప్రీంకోర్టు కుదరదంది. ఆ ఆగస్టులో జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం, హైకోర్టు అనుమతి లేకుండా ఎంపీలు, ఎమ్మెల్యేలపై కేసులు ఉపసంహరించరాదని ఆదేశించింది. కేసులున్న అభ్యర్థిని ఎందుకు ఎంచుకున్నారో పార్టీలు ప్రకటించాలని, గెలుపు అవకాశం ఒక్కటే కారణం కాకూడదని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2024లో గెలిచిన 543 మంది లోక్‌సభ సభ్యుల్లో 251 మంది తమపై క్రిమినల్ కేసులున్నాయని అఫిడవిట్లలో రాశారు. అందులో అన్ని పెద్ద పార్టీలవారూ ఉన్నారు.

జైల్లో ఉన్న మంత్రి పదవిలో కొనసాగవచ్చా అన్నది ఇంకా తేలలేదు. 2024 జనవరిలో ఝార్ఖండ్ ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ అరెస్టుకు ముందే రాజీనామా చేశారు. మార్చిలో అరెస్టయిన అరవింద్ కేజ్రీవాల్ జైలు నుంచే ఢిల్లీ ముఖ్యమంత్రిగా కొనసాగారు. అయిదేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరంలో వరుసగా ముప్పై రోజులు నిర్బంధంలో ఉంటే ప్రధాని, ముఖ్యమంత్రి, మంత్రి ఎవరైనా పదవి వదలాలంటూ కేంద్రం 2025 ఆగస్టు 20న 130వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టింది. స్వచ్ఛ రాజకీయాల కోసమని ప్రభుత్వం అంటే, అరెస్టు చేయించే శక్తి ఎవరి చేతిలో ఉందో వారికే ప్రభుత్వాలు కూల్చే శక్తి దక్కుతుందని ప్రతిపక్షం అంది. శిక్ష పడకముందే నిర్బంధాన్నే శిక్షగా మార్చే ఈ ఏర్పాటులో ప్రమాదం ఎక్కువ. బిల్లును సంయుక్త పార్లమెంటరీ సంఘానికి పంపారు.